కోలారు పంట, ధ్రువం ఊక

రెజిమెంటల్ బజార్లో కాపురమున్న వాళ్లకి రెండు విద్యలు అబ్బుతాయి. రైలు కూత వినపడగానే కిటికీ మూసేయడం ఒకటి. మూయకుండానే ఆ హోరులో పాలవాడి సైకిల్ గంటని పట్టుకోవడం రెండోది. దాదాపు దేన్నైనా దాటిపోయే న్యూట్రినో కణాల వేటలో కోలారు గనిది మొదటి విద్య అయితే, దక్షిణ ధ్రువపు మంచులోని పరికరం ఐస్‌క్యూబ్‌ది రెండోది.

కోలారు మనకి కొత్త కాదు. చిత్తూరు వైపు నుంచి ఎన్ని ఇళ్లవాళ్లు ఆ గనుల్లోకి దిగలేదు! అక్కడి చాంపియన్ రీఫ్‌లో 2.3 కిలోమీటర్ల లోతున టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఒసాకా, డరమ్ బృందాలతో కలిసి ఎదురెదురుగా, కణం దూరితే మెరిసే సింటిలేటర్ గోడలు నిలబెట్టారు. నడుమ నియాన్ గొట్టాల వరసలు. విశ్వకిరణాల వల్ల గాలిలో పుట్టే మ్యూయాన్లు అంత రాతిని దాటి రావడం బహు అరుదు. వచ్చినా పైనుంచి నిలువుగా వస్తాయి. అడ్డంగా ఒకటి దూసుకొచ్చిందంటే, పక్క రాతిలో న్యూట్రినో తగిలి పుట్టించినదే. 1965లో అలా దొరికింది. ఆ సంగతి ప్రకటించిన పేపర్ మీద పి.వి. రమణమూర్తి పేరు చూస్తే నాకు చిన్న ముచ్చట. దక్షిణాఫ్రికా గనిలోనూ అదే ఏడు దొరికింది. ఎవరు ముందన్న తగువు నాకొద్దు.

ఐస్‌క్యూబ్‌కి అంత నిశ్శబ్దం ఎక్కడిది? సెకనుకి మూడు వేల దాకా మ్యూయాన్లు దాని మీద కురుస్తూనే ఉంటాయి. కోలారులో బంగారం కోసం ఎవరో తవ్విన గొయ్యి అక్కరకొచ్చింది. ఇక్కడేమో వేడినీళ్లతో మంచుని కరిగించి 86 బావులు తామే దింపుకున్నారు. ఒక్కో దాంట్లో వెలుగుని పసిగట్టే 60 గాజుగోళాలు, మొత్తం 5,160. 2010 డిసెంబరుకి పని ముగిసింది. కోలారు అడ్డదారిని నమ్మినట్టే ఇదీ దిక్కునే నమ్ముతుంది: భూమిని చీల్చుకుని కిందనుంచి పైకొచ్చేది న్యూట్రినో వల్లనే. పైనుంచి వచ్చేవాటిలో మాత్రం, అంచు గోళాలకి తెలియకుండా నడిమంచులో న్యూట్రినో తగిలి మొదలైన నీలి మెరుపునే ఏరుకుంటుంది. సైకిల్ గంట అదే.

చిత్రమేమిటంటే, కోలారు పట్టినవి మన గాలిలోనే పుట్టిన న్యూట్రినోలు. అక్కడ పంట అయినవే ఐస్‌క్యూబ్‌కి చెరిగి పారబోయాల్సిన ఊక. ఆ ఊకలోంచే సౌరకుటుంబం ఆవలి గింజలు తేలాయని 2013లో చెప్పారు. 2017 సెప్టెంబరు 22న తగిలిన ఒకదాని జాడ, మృగశిరకి దగ్గరలో, కోట్లాది కాంతి సంవత్సరాల అవతలి ఓ బ్లేజార్ గెలాక్సీ వైపు చూపింది. అయినా ఊక ఏదో తెలియనిదే చేట పట్టేదెలా? ఆ తూకం మొదలైంది గనుల్లోనే.

2001లో కోలారు గనులు మూతబడ్డాయి, లోతు గదుల్లో నీళ్లు నిండాయి. ధ్రువంలో గోళాలు దింపిన బావుల నీళ్లు మళ్లీ గడ్డకట్టాయి. వాటినిక పైకి తీయడం కుదరదు.