డోడో: కుంచె చూపినది, ఎముక చెప్పినది

మన మారిషస్ పేరు చెప్పగానే లోకులకు ముందు గుర్తుకు వచ్చేది డోడో. బాన పొట్ట, పొట్టి కాళ్ళు, మందబుద్ధిని చాటే చూపు. అంగళ్ళలో తువ్వాళ్ళ మీదా, తాళపు చెవుల గుత్తుల మీదా ఇదే రూపం. బడిలో డోడోను గీయమంటే మా విద్యార్థులు కూడా ముందుగా ఒక గుమ్మడికాయ గీసి, తరువాత దానికి ముక్కు తగిలిస్తారు. ఈ రూపం ఎముకల నుండి పుట్టినది కాదు, ఒక చిత్రపటం నుండి పుట్టినదని మా అభిప్రాయం.

ఆ పటాన్ని రూలాంట్ సావెరీ సుమారు 1626లో చిత్రించినాడు. ఇప్పుడది లండన్ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలది. సావెరీ గొప్ప పనివాడే. ఆ పక్షి ముక్కు బరువును మన కంటికి తూచి చూపగలిగినాడు. కాని అతడు మన గడ్డ మీద కాలు పెట్టినవాడు కాడు. పటంలో డోడోకు ఇరుపక్కలా ఉన్న పెద్ద చిలుకలు వెస్టిండీస్ జాతివి. అవి మన ద్వీపంలో ఏనాడూ ఎగరలేదు. అంటే అది అడవిని చూచి వేసిన పటం కాదు, దేశదేశాల వింతలను ఒకచోట కూర్చిన పటం. అలంకారానికి అది చాలు, సాక్ష్యానికి చాలదు.

సాక్ష్యం మన మట్టిలోనే ఉన్నది. ప్లేజాన్స్ విమానాశ్రయం దగ్గరి మార్ ఓ సోంజ్ చిత్తడిలో 1865లో డోడో ఎముకలు బయటపడినవి. రైలు మార్గపు ఇంజనీరు హిగ్గిన్‌సన్ వ్రాసిన దాని ప్రకారం, కూలీలు అక్కడ నల్లమట్టి తీస్తూ దొరికిన ఎముకలను కుప్పలుగా వేరు చేస్తుండగా ఆయన చూచినాడు. మాయెబూర్‌లో బడి నడిపిన జార్జ్ క్లార్క్ అయితే మనుషులను నడుము లోతు నీటిలోకి దింపినాడు. వారు వట్టి కాళ్ళతో బురదను తడిమి ఎముకలు పట్టుకున్నారు. కనిపెట్టిన కీర్తి హిగ్గిన్‌సన్‌దా, క్లార్క్‌దా అన్న తగవు మాకు అక్కరలేదు. ఆ కాళ్ళు ఎవరివో ఆ కథనాలలో పేరు లేదు. ఆనాటి మారిషస్‌లో కూలీ అన్న మాట ఎవరికి వాడేవారో, కోరంగి రేవు నుండి ఓడలెక్కి వచ్చినవారి మనుమలమైన మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇంత శ్రమతో తీసిన ఎముకలు లండన్ చేరగానే ఏమైనవి? రిచర్డ్ ఓవెన్ మహాపండితుడు. ఆయన 1866లో ఆ ఎముకలను సావెరీ గీసిన ఆకారంలో ఇమిడ్చినాడు. చొక్కా ముందు కుట్టి, మనిషిని దానికి సరిపోయేటట్లు వంచినట్లయింది. మరికొన్ని ఎముకలు అందిన తరువాత 1869లో ఆయనే పక్షిని నిటారుగా నిలబెట్టినాడు. దిద్దుకున్నందుకు మెచ్చుకోవలసినదే. కాని అప్పటికే, ఎముకలు దొరికిన ఆ 1865లోనే, ఆలిస్ కథలో టెనియెల్ గీసిన చేతికర్ర డోడో పిల్లల మనసుల్లో స్థిరపడింది. బొమ్మ పరుగెత్తింది, సవరణ కుంటుతూ వెనుక వచ్చింది.

సావెరీ పక్కన రెండు చిత్రాలను పెట్టి చూడమని పాఠకులను కోరుతున్నాము. ఒకటి హెల్డర్‌లాండ్ అనే డచ్చి ఓడ దినచర్య పుస్తకంలో, 1601 నాటి మారిషస్ మజిలీలో, పక్షిని ఎదుట పెట్టుకొని వేసిన గీతలు. వాటిలో సొగసు లేదు, నిజాయితీ ఉన్నది. రెండవది మొగలు ఆస్థాన చిత్రకారుడు మన్సూర్‌దని చెప్పే చిత్రం. అది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నది. సూరత్‌లో రెండు డోడోలను చూచినట్లు పీటర్ మండీ అనే ఆంగ్ల వర్తకుడు వ్రాసుకున్నాడు గనుక, హిందూదేశపు చిత్రకారుడు బ్రతికిన పక్షినే చూచి వేసినాడనడంలో వింత లేదు. ఇందులో డోడోను ఎగతాళి చేయాలన్న తలంపు లేదు. చుట్టూ ఉన్న బాతులకు ఇచ్చిన మర్యాదే దానికీ ఇచ్చినాడు. మా తీర్పు మన్సూర్ వైపే.

ఎముకలు కూడా ఆ వైపే మొగ్గుతున్నవి. పోర్ట్ లూయీలో క్షౌరవృత్తి చేసుకున్న ఎతియెన్ తిరియూ 1904 ప్రాంతంలో కొండల్లో వెదకి తెచ్చిన అస్థిపంజరం, ఒకే పక్షికి చెందిన పూర్తి అస్థిపంజరాలలో లోకానికంతటికీ ఏకైకమైనది. దానిని లేజరు కిరణాలతో కొలిచిన పరిశోధన 2016లో వెలువడింది. అంతకు ముందు ఎవరూ వర్ణించని మోకాటి చిప్పలు కూడా అందులో ఉన్నవి. పూర్వం ఈ పక్షికి 23 కిలోల బరువు కట్టేవారు. నేటి లెక్కలు చాలామటుకు 10 నుండి 18 కిలోల మధ్యనే ఉన్నవి. బలమైన కాళ్ళతో రాళ్ళలో, అడవిలో తిరుగగల పక్షి అది. 2002లో జన్యు పరీక్ష దానిని పావురాల వంశంలో చేర్చి, నికోబార్ పావురాన్ని దగ్గరి చుట్టంగా చూపింది.

రంగు మాత్రం ఎముక చెప్పదు. ఒకరు బూడిద రంగు అన్నారు, ఒకరు నలుపన్నారు. ఎముకల పొరలను పరీక్షించి 2017లో ప్రకటించిన పరిశోధన, ఈ పక్షి ఏటా ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కునేదని తేల్చింది. చూచిన నెలను బట్టి వర్ణన మారి ఉండవచ్చు. చిత్రకారుడి కల్పనకు అక్కడ కావలసినంత చోటు ఉన్నది. పొట్ట దగ్గర లేదు.

1906 నాటి మన రాజచిహ్నంలో డోడో ఒకవైపు, డచ్చివారు తెచ్చిన జింక మరొకవైపు, రెండింటి చెంతా చెరకు గడలు ఉన్నవి. ఆ గడను నాటి నరికినవారి బిడ్డలు దాని పక్కనున్న పక్షిని గీసేటప్పుడు, ముందు తిరియూ పక్షి కాలి ఎముకను ఒకసారి గీయించి, ఆ తరువాతనే రంగుల పెట్టె చేతికి ఇవ్వమని తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాము.