నల్లరాతి మీద సన్నబట్ట

రామప్ప గుడికి వెళ్ళినవాళ్ళకు గైడ్లు తప్పకుండా చూపించే బొమ్మ ఒకటుంది. చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనిక అనే రాతి స్త్రీమూర్తి, ఆమె కాళ్ళకు ఎత్తు మడమల పాదరక్షలు. "చూశారా, ఎనిమిది వందల ఏళ్ళ కిందటే హైహీల్స్" అనగానే ఫోన్లన్నీ పైకి లేస్తాయి. ఫొటో తీసుకుని జనం ముందుకు కదులుతారు. నాకు మాత్రం ఆ చెప్పుల దగ్గర చూపు ఆపుకోవడం అన్యాయంగా అనిపిస్తుంది. అసలు పనితనం మోకాలికి పైన మొదలవుతుంది.

ఈ మదనికల ఒంటి మీద బట్ట ఉందో లేదో మొదటి చూపుకు తెలియదు. కాసేపు నిలబడి చూస్తే తొడ మీద ఒక సన్నని అంచు కనబడుతుంది. బట్ట అక్కడిదాకా వచ్చి ఆగిందని చెప్పేది ఆ అంచే. దానికి పైన రాయి ఎంత నునుపో కింద కూడా అంతే నునుపు. బట్టకు మందం ఇవ్వకుండా, ముడతలు పెట్టకుండా, కాలి కండ బిగువును ఏమాత్రం కప్పకుండా, "ఇక్కడ బట్ట ఉంది" అని చెప్పగలిగాడు శిల్పి. దాని మీద వేలాడే మొలనూలును మాత్రం లోతుగా తవ్వాడు. వరసలు వరసలుగా దిగిన పేటలు, వాటి చివర కుచ్చులు, తొడ వంపును పట్టుకుని కిందికి జారుతుంటాయి. కొన్ని చోట్ల నగకూ ఒంటికీ మధ్య దారం దూరేంత సందు ఉంది.

రాతిలో ఇది ఎంత కష్టమో ఒకసారి ఆలోచించాలి. మట్టిబొమ్మకైతే ఒళ్ళు చేసుకున్నాక పైన నగ అతికించవచ్చు. రాతిలో అలా కుదరదు. నగ ఎంత ఎత్తుండాలో అంత రాయిని ముందే వదిలిపెట్టి, దాని చుట్టూ తొడను లోపలికి దించుకుంటూ పోవాలి. అంటే కాలు ఏ రూపంలో ఉంటుందో తేలకముందే, ఆ కాలు వంగినప్పుడు పేట ఎటు జారుతుందో శిల్పి మనసులో ఖాయమై ఉండాలి. పైగా ఇది గోడలకు వాడిన ఎర్రటి ఇసుకరాయి కూడా కాదు. ఉలికి ఒక పట్టాన లొంగని గట్టి నల్లరాయి. స్తంభాలకూ మదనికలకూ ఆ రాతినే ఎంచుకున్నారు, అందుకే ఆ మెరుగు ఈనాటికీ పోలేదు. ఆట తెలిసినవాడు, కనీసం ఆటకత్తెలను ఏళ్ళ తరబడి దగ్గరగా చూసినవాడు తప్ప ఈ పని చేయలేడని నా గట్టి నమ్మకం.

రామప్ప గుడి ఉన్న పాలంపేట ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది కానీ ఒకప్పుడు వరంగల్ జిల్లాదే. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించాడు. 2021 జూలైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీటిలో తేలే ఇటుకల గురించి, ఇసుక పునాది గురించి అప్పటి నుంచి పత్రికల్లో చాలా వచ్చింది. బట్టల గురించే తక్కువ వచ్చింది.

అంత సన్నటి బట్ట శిల్పి ఊహలోదేనా? కాదనడానికి సాక్ష్యం ఉంది. పదమూడో శతాబ్దం చివర్లో మార్కోపోలో మన తీరం గురించి, మోటుపల్లి రేవున్న రాజ్యం గురించి రాస్తూ ఇక్కడి నూలుబట్టను సాలెగూడుతో పోల్చాడు. ఏ దేశపు రాజైనా రాణి అయినా సంతోషంగా కట్టుకునే బట్ట అన్నాడు. పరదేశి వర్తకులకు రక్షణ ఇస్తూ గణపతిదేవుడు అభయశాసనం వేయించింది ఆ రేవులోనే. కాబట్టి మదనిక తొడ మీద అంచు తప్ప ఇంకేమీ కనబడకపోవడంలో అతిశయోక్తి ఏమీ లేదు. ఈ దేశపు సాలెవాళ్ళ మగ్గం మీద అలాంటి బట్ట దిగేది. శిల్పి దాన్ని చూశాడు, చూసిందే చెక్కాడు.

నాగిని బొమ్మ దగ్గర ఇదే చెయ్యి ఇంకో దారి తొక్కింది. ఆమె ఒంటి మీద బట్టే లేదు, పాములున్నాయి. ఉత్తరీయం చేయవలసిన పని, మొలనూలు చేయవలసిన పని పాముల చేత చేయించాడు. ఒంటి వంపు ఎక్కడ తిరుగుతుందో పాము అక్కడ చుట్టుకుంటుంది, చూపును అటే లాక్కుపోతుంది. ఆటకత్తె ఒంటి మీద ఏది ఉన్నా అది కదలికను చూపించాలన్న తెలివి ఈ ఒక్క బొమ్మలోనే పూర్తిగా తెలిసిపోతుంది.

గుడి లోపలికి వస్తే రంగమండపం. నాలుగు స్తంభాల మీద, వాటిని కలిపే దూలాల మీద ఆడేవాళ్ళు, మద్దెల వాయించేవాళ్ళు వరసగా ఉన్నారు. బొమ్మలు చిన్నవి, వెలుతురు తక్కువ. అయినా వదలకుండా చూడాలి. మోకాళ్ళు విచ్చుకుని వంగి ఉన్నాయి, ఒక పాదం లేచి ఉంది. బట్ట మొల దగ్గర బిగించి ఉంది, మోకాలి కింద కాలు ఖాళీ. ఎందుకు ఖాళీ అన్నదానికి జవాబు మన లక్షణ గ్రంథాల్లో ఉంది.

గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయప సేనాని 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో సగం శాస్త్రీయమైన మార్గ పద్ధతికి, సగం జనంలో ఉన్న దేశి ఆటలకు ఇచ్చాడు. అంతటి పండితుడు, రాజుకు బావమరిది, దేశి ఆటలకు సగం పుస్తకం ఇవ్వడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ దేశి ఆటల్లో పేరణి ఒకటి. దానికి ఘర్ఘరం, విషమం, భావాశ్రయం, కవిచారం, గీతం అని అయిదు అంగాలు. మొదటిదైన ఘర్ఘరమంటే గజ్జెల పని. పేరణి ఆడేవాడి వేషం ఎలా ఉండాలో ఆ కాలపు లాక్షణికులు చెప్పారు. ఒంటికి విభూతి లాంటి తెల్లటి పూత, గుండు మీద పిలక, పిక్కలకు గజ్జెలు. ఇంతే వేషం, బట్ట ఊసు దాదాపు లేదు. పడివాట మొదలైన దేశి పేర్లతో ఘర్ఘరంలో భేదాలు చెప్పారు. మడమ ఆనించి ముందుపాదంతో తట్టడం, ముందుపాదం ఆనించి మడమతో తట్టడం, నేల మీద పాదం రాయడం, గాలిలో కాలు ఆడించడం, ఒక్కొక్క దానికి గజ్జె ఒక్కొక్క రకంగా పలకాలి. పిక్క మీద బట్ట పడితే ఆ పలుకులన్నీ మూగబోతాయి. మోకాలి కింద కాలు ఖాళీగా వదిలింది గజ్జె వినబడడానికి.

ఇదే సమస్యను, కాలికి బట్ట అడ్డం రాకూడదన్న సమస్యను, ఆరు వందల ఏళ్ళ తర్వాత పారిస్‌లో ఇంకో జాతి దర్జీలు పట్టుకున్నారు. 1832 మార్చి 12న పారిస్ ఒపేరాలో 'లా సిల్ఫీడ్' బాలే ఆడారు. ఫిలిప్పో తాల్యోని కూర్చిన ఆటలో అతని కూతురు మరీ తాల్యోని మునివేళ్ళ మీద నిలబడి ఆడింది. ఆమె కట్టింది గంట ఆకారంలో విచ్చుకున్న పల్చటి తెల్లటి గౌను, పిక్కల సగం దాకా. టుటు అని ఇవాళ మనం పిలిచే ఉడుపుకు మూలం అదే. అప్పటికి కొన్ని దశాబ్దాల ముందు నుంచీ హిందూదేశపు పల్చటి నూలుబట్ట మోజు యూరప్ ఆడవాళ్ళను ఊపేసింది. బరువైన పట్టు, లోపలి చట్రాలు పోయి, ఒంటిని అంటి పారే తెల్లటి గౌన్లు వచ్చాయి. వేదిక మీది తెలుపుకు దారి వేసింది ఆ మోజే.

ఆట కష్టమైన కొద్దీ గౌను పొట్టిదైంది. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఇటలీ నుంచి వచ్చిన ఆటకత్తెలు ఒంటికాలి మీద తిరిగే తిరుగుళ్ళు చూపించారు. పియెరీనా లెన్యాని రష్యాలో వరసగా ముప్పై రెండు తిరిగింది. మోకాలు కనబడకపోతే ఆ తిరుగుడు ఎవరికి అర్థమవుతుంది? గౌను మోకాలు దాటి పైకి పోయింది, తర్వాత నడుము దగ్గర పళ్ళెంలా అడ్డంగా నిలబడింది.

ఆ పళ్ళెం ఎలా నిలుస్తుందో కుట్టేవాళ్ళ పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. లోపల ఒక చెడ్డీ ఉంటుంది. నెట్టు వరసలను దాని మీదే కుడతారు. అన్నిటికన్నా కింద, కాలికి దగ్గరగా ఉండే వరస అన్నిటికన్నా పొట్టిది. ఒక్కొక్క వరస పైకి వచ్చే కొద్దీ పొడవు పెరుగుతుంది. పది పన్నెండు వరసలు మామూలు. ప్రతి వరసకూ గజాల కొద్దీ నెట్టు కుచ్చిళ్ళుగా నొక్కి కుట్టాలి. కింది పొట్టి వరసలు పైవాటిని మోస్తాయి. చివర్లో వరసల మధ్య అక్కడక్కడ వదులుగా దారం వేసి ఒకదానికొకటి తగిలిస్తారు. ఆ దారం బిగిస్తే గౌను అట్టముక్క, మరీ వదిలేస్తే కోడి ఈకలు. ఎంత వదలాలన్నది చేతికే తెలియాలి. ఆడడం అయ్యాక దాన్ని తలకిందులుగా వేలాడదీస్తారు, వరసలు వాలిపోకుండా. 1950లో కరీన్స్కా అనే కుట్టుపనిమంతురాలు న్యూయార్క్‌లో, అప్పటిదాకా లోపల వాడుతూ వచ్చిన తీగచుట్టును తీసేసి, ఆరేడు మెత్తటి వరసలతోనే గౌను నిలబెట్టింది. కుట్టు చరిత్రలో నేను తలవంచి దణ్ణం పెట్టే పేర్లలో ఆమెది ఒకటి.

ఈ అందానికి ప్రాణాలు కూడా పోయాయి. 1862లో పారిస్ ఒపేరాలో సాధన జరుగుతుండగా ఎమ్మా లీవ్రీ అనే ఆటకత్తె గౌనుకు గ్యాసు దీపం అంటుకుంది. నెలల తరబడి నరకం చూసి మరుసటి ఏడు చనిపోయింది. ఆమెకు ఇరవై ఏళ్ళు. నిప్పు అంటని మందులో ముంచిన గౌన్లు అప్పటికే ఉన్నాయి. ముంచితే బట్ట బిరుసెక్కి మాసినట్టు కనబడుతుందని ఆమె వద్దంది. బట్ట పారే తీరు ఆటకత్తెకు ఎంత ముఖ్యమో ఇంతకన్నా ఎవరు చెప్పగలరు!

ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్గార్ దెగా 1881లో ప్రదర్శనకు పెట్టిన పద్నాలుగేళ్ళ బాలే పిల్ల బొమ్మ ఇక్కడ గుర్తొస్తుంది. మైనంతో ఒళ్ళు చేసి, నడుముకు నిజం బట్టతో కుట్టిన గౌను కట్టాడు. తర్వాత కంచులో పోసిన నకళ్ళకూ బట్ట గౌన్లే కట్టారు. అవి మాసి, చివికి, మ్యూజియంల వాళ్ళు మళ్ళీ మళ్ళీ మార్చుకోవలసి వచ్చింది. దెగా మహానుభావుడే. కానీ బట్టను బట్టతోనే చూపించాడు. మన శిల్పికి ఆ వెసులుబాటు లేదు. ఒళ్ళు, బట్ట, నగ మూడూ ఒకే రాతిలోంచి తీయాలి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా మనసు పాలంపేట వైపే మొగ్గుతుంది.

టుటు వేదిక దిగి వీధిలోకి వచ్చిన కథ పెద్దదే. 1947లో క్రిస్టియన్ డియోర్ నడుము బిగించి కింద విచ్చుకునే గౌన్లు తెచ్చినప్పుడు, లోపల నెట్టు వరసలే బట్టను నిలబెట్టాయి. ఇవాళ హన్మకొండ చౌరస్తాలో ఓణీల ఫంక్షన్‌కు లెహంగా కుట్టించుకునే పిల్ల "క్యాన్‌క్యాన్ వేయండి" అంటే దర్జీ లోపల వేసేది అవే నెట్టు వరసలు. పొట్టి వరస పొడుగు వరసను మోయాలన్న సూత్రం అక్కడా అదే. చిన్నపిల్లల పుట్టినరోజు గౌన్లలో ఒంటికి నెట్టు గుచ్చుకోకుండా లోపల మెత్తటి నూలు లైనింగ్ వేసే దర్జీ ఉంటే, ఆ చేతిని మెచ్చుకోవాలి.

మన నాట్య ఉడుపులకూ బాలేకూ మధ్య ఒక మనిషి నిలబడి ఉంది, రష్యా బాలే ఆటకత్తె ఆనా పావ్లోవా. 1928లో ఆమెను కలిసిన రుక్మిణీదేవి అరండేల్ బాలే నేర్చుకోవడం మొదలుపెట్టింది. మీ దేశపు ఆట వైపు చూడమని పావ్లోవాయే ఆమెను మళ్ళించింది. రుక్మిణీదేవి 1935లో అడయారులో భరతనాట్యం ఆడింది. గుళ్ళలోని శిల్పాలను చూసి పట్టుచీరతో కుట్టిన ఉడుపులు తెచ్చింది. తర్వాత కూచిపూడికీ కుట్టిన ఉడుపులే వచ్చాయి. ముందు వేలాడే విసనకర్ర కుచ్చిళ్ళ పని చూడండి. పట్టును సన్నటి మడతలు పెట్టి, మడత నిలిచేదాకా దారంతో పట్టి ఉంచి, పైన కలిపి కుట్టి, రెండు పక్కలా పైజమా కాళ్ళకు తగిలిస్తారు. నిలబడితే మూసుకుని ఉంటుంది. అరమండిలో కూర్చోగానే మోకాళ్ళతో పాటు విచ్చుకుంటుంది. మోకాలు ఎంత విచ్చుకుందో ఆ కుచ్చిళ్ళే చూపించేస్తాయి. సగం సగం కూర్చున్న పిల్లను గురువు కన్నా ముందు అవే పట్టిస్తాయి.

పేరణికి తిరిగి ఊపిరి పోసింది నటరాజ రామకృష్ణ. 1923లో బాలి ద్వీపంలో పుట్టి, 2011లో కన్నుమూసేదాకా తెలుగువాళ్ళ ఆటల కోసమే బతికాడు. జాయప గ్రంథాన్నీ రామప్ప రాళ్ళనూ ఎదురెదురుగా పెట్టుకుని, పుస్తకంలో మాటకు రాతిలో భంగిమ వెతికి, పేరణి శివతాండవాన్ని నిలబెట్టాడు. ఇవాళ వరంగల్‌లో, హైదరాబాద్‌లో కుర్రవాళ్ళు అది నేర్చుకుంటున్నారు. వాళ్ళకు ఉడుపులు కుట్టేవాళ్ళను నేను అడిగేది ఒకటే. జరీ ఎంతైనా పెట్టండి, రుద్రాక్షలు ఎన్నయినా కట్టండి. మోకాలి కిందికి మాత్రం బట్ట దించకండి. కొలత ఎక్కడ ఆపాలో సందేహం వస్తే రంగమండపం దూలాల దగ్గరికి టేపు, టార్చిలైటు పట్టుకెళ్ళండి. అక్కడి ఆటగాళ్ళ బట్ట ఎక్కడ ఆగిందో చూసి, అక్కడే కత్తిరించండి.