లెక్కకెక్కే దూరం

సైకిల్ మీద తొక్కిన ప్రతి కిలోమీటరూ లెక్కకెక్కదు. చెన్నైలో మద్రాస్ రాండొనీర్స్ క్లబ్ నడిపే బ్రెవేలకు (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ సవారీలకు) పేరిచ్చేవారికి మొదట తెలిసొచ్చేది ఇదే. ఈ బ్రెవేలకు పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ ఖాయం చేసిన దూరాలు 200, 300, 400, 600, 1000 కిలోమీటర్లు. గడువులు వరుసగా పదమూడున్నర, 20, 27, 40, 75 గంటలు. దారి పొడవు 206 కిలోమీటర్లు తేలినా ఖాతాలో పడేది 200 మాత్రమే. దారి తప్పితే, తప్పిన చోటికే తిరిగొచ్చి ముందుకు సాగాలి. ఆ చుట్టుతిరుగుడు ఎవరి పద్దులోనూ చేరదు. అంటే ఇక్కడ కొలుస్తున్నది చక్రం తిరిగిన పొడవును కాదు, ఒప్పుకున్న దారిని ఒప్పుకున్న వేళకు పూర్తి చేయడాన్ని.

అందుకే నమోదు పద్ధతి అంతా సాక్ష్యం చుట్టూ అల్లుకుంది. దారి పొడవునా కంట్రోళ్లు, అంటే హాజరు నమోదు చేసుకునే చోట్లు, ఉంటాయి. ఒక్కోదానికీ తెరిచే వేళ, మూసే వేళ ఉంటాయి. 600 కిలోమీటర్ల వరకు గంటకు 15 కిలోమీటర్ల కనీస వేగంతో లెక్కగట్టి మూసే వేళ నిర్ణయిస్తారు. బ్రెవే కార్డు మీద ముద్ర వేసే మనిషి లేనిచోట, సమయం అచ్చయిన అంగడి రసీదో ఏటీఎం చీటీయో చాలు. సహాయ వాహనం కంట్రోళ్ల దగ్గర తప్ప మరెక్కడా కనిపించకూడదు. ఫలితాల్లో ర్యాంకులుండవు.

600లో 590 తొక్కి ఆగినవాడికి సున్నా రాయడం అన్యాయం కాదా? ఇదే కాఠిన్యం ఉన్న దూరపు గుర్రపు స్వారీలో దానికి కారణం స్పష్టంగా కనిపిస్తుంది. 1972లో ఏర్పడిన అమెరికన్ ఎండ్యూరెన్స్ రైడ్ కాన్ఫరెన్స్ 50 మైళ్లు, ఆపైన ఉన్నవాటినే ఎండ్యూరెన్స్‌గా లెక్కిస్తుంది. 25 మైళ్ల నుంచి మొదలయ్యే చిన్న స్వారీలకు పద్దు వేరు. గుర్రానికీ రౌతుకూ విడివిడి ఖాతాలు. ముగింపు గీత దాటాక కూడా పశువైద్యుడు గుర్రాన్ని పరీక్షిస్తాడు. అది ఇంకా సాగగల స్థితిలో లేదని తేలితే ఆ మైళ్లు దక్కవు. పరుగెత్తినంత మేరకు మైళ్లు జమ చేస్తే, కుంటుతున్న గుర్రాన్ని ఇంకో పది మైళ్లు తోలడం లాభసాటి అవుతుంది. సైక్లిస్టుకు అలాంటి వైద్యుడు లేడు, గడువు భయంతో నిద్రమత్తులోనే తొక్కే ప్రమాదం ఉంది. ఆ అభ్యంతరం నిజమే. కానీ గంటకు 22 కిలోమీటర్లు తొక్కేవారికి 600 బ్రెవేలో పన్నెండు గంటలకు పైగా విరామం మిగులుతుంది. గడువు విశ్రాంతిని మింగేంత బిగువుగా లేదు.

జీపీఎస్ ఉండగా ఈ కార్డులూ రసీదులూ ఎందుకన్నది రెండో అభ్యంతరం. జీపీఎస్ మంచి సాక్షి, సందేహం లేదు. కానీ ఏది లెక్కకొస్తుందో సాక్షి తేల్చడు, నియమం తేలుస్తుంది. ఆ నియమం అన్ని దేశాల్లో ఒకటే కాబట్టి, చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఉప్పుగాలిలో పూర్తయిన 200కూ యూరప్ చలిలో పూర్తయిన 200కూ విలువ సమానం. 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్‌లో 1200 కిలోమీటర్ల దారికి పేరిచ్చే చెన్నై సైక్లిస్టును తక్కినవారితో ఒకే వరుసలో నిలబెట్టేది ఆ సమానతే. తొక్కిన అదనపు కిలోమీటర్లు వదులుకోవడం అందుకు చెల్లించే వెల. అది పెద్ద వెలేం కాదు.