హోప్ దీవి సరంగు

కాకినాడకు సముద్రం దెబ్బ తగలకుండా అడ్డు నిలిచిన హోప్ దీవి గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో ఏర్పడింది; దాని ఒడ్డు మారుతూనే ఉంటుంది. అందుకే అక్కడికి పడవ నడిపే సరంగు పనిని ఉత్త రవాణా అనుకోవడం తప్పు. జీపీఎస్ ఉందిగా అంటారు. పడవ ఎక్కడుందో అది చెబుతుంది గానీ, కిందటి తుపానుకు ఇసుక మేట ఎటు జరిగిందో చెప్పదు. ఆ సంగతి నీటి రంగును, అల విరిగే తీరును బట్టి సరంగే పసిగట్టాలి; పోటు మీద వెళ్లి, నీరు తీయకముందే బయటపడాలి.

పడవలే ఆ దీవిలో గుడ్లు పెట్టే తాబేళ్లకు ముప్పన్న మాటలో నిజముంది: ఊపిరికి పైకొచ్చిన ఆలివ్ రిడ్లేకు ఇంజను రెక్క తగిలితే చావే. కానీ తేలిన డిప్పను దూరం నుంచే గుర్తించి వేగం తగ్గించేదీ, ఇసుకలో ఎడమ, కుడి తెడ్డుకాళ్లు మార్చి మార్చి వేసిన జాడ చూసి, సుమారు నూరు గుడ్లుండే గూటిని తొక్కకుండా జనాన్ని పక్కకు నడిపించేదీ పని తెలిసిన సరంగే. కిరాయి బేరంలో ఆ చూపుకూ విలువ కట్టాలి.