చేతివ్రాత ఫాంటు: అందము, హద్దులు

కాజీపేట–విజయవాడ మార్గమునుండి కొత్తగూడెము వైపు దారి చీలుచోట డోర్నకల్ జంక్షన్ ఉన్నది. కదలుచున్న బండినుండి కూడ చదువుటకు వీలుగా స్టేషను బోర్డుపై అక్షరములు దిట్టముగా, ఎడమెడముగా ఉండును. అదే ఊరి పేరు పెండ్లి శుభలేఖపై బాపు అక్షరములలో ఉన్నచో ఎవరో ఆప్యాయముగా పిలిచినట్లుండును. ఈ భేద మెక్కడిది?

బాపు అను పేర ప్రసిద్ధులైన సత్తిరాజు లక్ష్మీనారాయణ (1933–2014) చిత్రకారులు, చలనచిత్ర దర్శకులు. పుస్తకముల అట్టలపై ఆయన వ్రాసిన అక్షరములు తెలుగువారికి చిరపరిచితములు. ఆ వ్రాత తరువాత కంప్యూటరు ఫాంటుగా కూడ వచ్చినది.

ఇంగ్లీషు గొలుసుకట్టు వ్రాతలో అక్షరములు ఒకదానితో నొకటి కలియును. తెలుగు అచ్చులో అవి విడివిడిగానే నిలుచును. కావున చేతి వడి అంతయు అక్షరములోనే, అనగా తలకట్టు విసురులో, కొమ్ము వంపులో, ఒత్తు తోకలో కనబడవలెను. బాపు అక్షరముల బలమిదియే. ఆ విసురు ఫాంటులోను చాలవరకు నిలిచినది.

నిలువనిది మరొకటి కలదు. ‘మమత’ అని చేతితో వ్రాసినచో రెండు ‘మ’లు అచ్చముగా ఒకేతీరున ఉండవు. సాధారణ ఫాంటులో మాత్రము ముద్ర గ్రుద్దినట్లుండును. యూనికోడులో ‘మ’ సంకేతము 0సి2ఇ ఒక్కటే. దాని ఆకారము ఫాంటులోనిది. ఒకే సంకేతమునకు రెండు మూడు ఆకారములు అమర్చి, ప్రక్క అక్షరమును బట్టి మార్చు ఏర్పాటు ఓపెన్‌టైప్ ఫాంటులలో సాధ్యము. చేతివ్రాత ఫాంటు చేయువారు ఈ శ్రమ తీసుకొనవలెను.

రెండవ చిక్కు స్పష్టత. ‘ప’కు తలకట్టు విడిగా నుండును, ‘వ’కు అంటియుండును. విసురుగా వ్రాసినపుడు ఆ సందు పూడినచో ‘పాలు’, ‘వాలు’ కలగాపులగమగును. శీర్షికలో ఇది బాధింపదు. పుటల కొలది పాఠములో, ప్రశ్నపత్రములో విద్యార్థికి నష్టము.

ఇతర దేశములలోను ఇట్లే జరిగినది. 1994లో విన్సెంట్ కొనారె మైక్రోసాఫ్టు సంస్థలో బొమ్మల కథల సంభాషణల తీరున కామిక్ సాన్స్ రూపొందించెను. గంభీరమైన ప్రకటనలలో సైతము వాడుటచే అది పరిహాసము పాలైనది. తప్పు అక్షరముది కాదు, దానిని పెట్టిన చోటుది.

తరగతిలో దీనిని పరీక్షింపవచ్చును. ఒకే వాక్యమును సమానమైన ఎత్తుగల అక్షరములతో, ఒకటి సాధారణ ఫాంటులో, ఒకటి చేతివ్రాత ఫాంటులో అచ్చువేసి గోడకు అంటింపుడు. విద్యార్థి వెనుకకు నడచుచు, ఏది ఎన్ని అడుగుల దూరమువరకు చదువగలడో కొలువవలెను. ఆ కొలత చూచిన పిమ్మట గోడపత్రిక శీర్షికకు ఏది, లోపలి వ్యాసమునకు ఏది అని విద్యార్థులే నిర్ణయింతురు.