పద్దెనిమిది బైట్ల ‘జ్ఞానం’

2018 ఫిబ్రవరిలో మన అక్షరం ఒకటి ఐఫోన్లను కుప్పకూల్చింది. ‘జ్ఞా’లో ఒత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఇరుక్కుంటే చాలు, వాట్సాప్, జీమెయిల్, మెసేజెస్... ఆ అక్షరం చూపించబోయిన యాప్ అక్కడికక్కడే మూసుకుపోయేది. తప్పు మన లిపిది కాదు. అక్షరాలు పేర్చే పనిని ఆ యాప్‌లన్నీ కోర్‌టెక్స్ట్ అనే ఒకే షేర్డ్ లైబ్రరీకి అప్పగించాయి, పొరపాటు అందులో ఉంది.

మా ఆఫీసు దగ్గర కొత్తగూడ హాస్టళ్లలో ఉన్నవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. గదికో స్టవ్ ఉండదు, కింద ఒకటే వంటగది. సాంబారులో ఉప్పెక్కువైతే అన్ని అంతస్తుల్లోనూ ఎక్కువే. కంచం మాత్రం ఎవరిది వాళ్లది. షేర్డ్ లైబ్రరీ కూడా అంతే: మెమరీలో కోడ్ ఒక్క ప్రతే ఉంటుంది, వందల ప్రోగ్రాములు దాన్నే వాడుకుంటాయి, డేటా మాత్రం వేటిది వాటికే.

ఇది కళ్లారా చూడాలంటే, ప్రోగ్రాము కెర్నల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని, ఏమేం అడుగుతోందో లైను లైనుగా చూపించే పరికరం ఒకటుంది. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి నేను మొదట చూపించేది అదే, ఎస్‌ట్రేస్. లినక్స్‌లో ఎకో కమాండ్‌కి ‘జ్ఞానం’ ఇచ్చి, దాన్ని ఎస్‌ట్రేస్ కింద నడిపిస్తాం. ముందు లిబ్‌సీ అనే షేర్డ్ లైబ్రరీ ఫైలు తెరుచుకుంటుంది, మెమరీలోకి మ్యాప్ అవుతుంది. చివర్లో ‘రైట్’ అని ఒక లైను, దాని పక్కన 19. జ, పొల్లు, ఞ, దీర్ఘం, న, సున్న కలిపి ఆరు. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, అంటే 18. లైను ముగింపుకి ఇంకొకటి. తెర మీద ‘జ’ బదులు దాని మూడు బైట్లు 340, 260, 234 అన్న అంకెలుగా కనిపించగానే పిల్లలు కుర్చీలు ముందుకి లాక్కుంటారు.

ఆ ‘రైట్’ ఒక సిస్టమ్ కాల్. ప్రోగ్రాము తనంతట తాను తెరని గానీ డిస్కుని గానీ ముట్టుకోలేదు. రిజిస్టర్‌లో 1 అన్న నంబరు పెట్టి, రాయాల్సింది ఎక్కడుందో, ఎన్ని బైట్లో చెప్పి, సిస్‌కాల్ అనే ఒక్క ఆదేశంతో కెర్నల్‌ని అడుగుతుంది. కెర్నల్ అన్నీ సరిచూసుకుని పని చేసిపెట్టి, 19 అని జవాబిస్తుంది. 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ యంత్రాల మీద లినక్స్‌లో ‘రైట్’ నంబరు 1. దాన్ని మార్చరు, పాత ప్రోగ్రాములు కొత్త కెర్నల్ మీద నడవాలి కదా. ‘రైట్’ అనే పేరు 1971 నాటి యూనిక్స్ మాన్యువల్లోనే ఉంది. ఈ యూనిక్స్ సంప్రదాయంలో నాకు అన్నిటికన్నా విలువైనది, పాత ప్రోగ్రాములకిచ్చిన మాట ఇలా నిలబెట్టుకోవడమే.

అది తెలుగని మాత్రం కెర్నల్‌కి తెలీదు, దానికి బైట్లే. జ కింద ఞ ఒత్తు చేర్చేది పైనున్న లైబ్రరీలు. ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్‌లలో ఆ పని హార్ఫ్‌బజ్‌ది. కంప్యూటర్లో మన లిపి బాగోగులు ఆ కోడ్ చేతిలోనే ఉన్నాయి. ఇన్ని వేలమంది తెలుగు ఇంజనీర్లున్న ఈ చుట్టుపక్కల దాన్ని తెరిచి చదివేవాళ్లు ఇంకా చాలామంది కావాలి.

ఐఫోన్ల సంగతికొస్తే, కోర్‌టెక్స్ట్‌లో ఆ తప్పుని సరిదిద్దుతూ ఆపిల్ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. యాప్‌ల వాళ్లు ఒక్క లైను మార్చకుండానే అన్నీ బాగుపడ్డాయి. లినక్స్‌లో లైబ్రరీని మార్చాక ఇంకో పని మిగులుతుంది. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాము పాత ప్రతినే పట్టుకుని ఉంటుంది. దాని మెమరీ మ్యాప్ తీసి చూస్తే పాత ఫైలు పేరు పక్కన ‘డిలీటెడ్’ అని ఉంటుంది. ప్రోగ్రాముని ఆపి మళ్లీ మొదలుపెట్టేదాకా ఆ తప్పు అందులో నడుస్తూనే ఉంటుంది.