జడకూ ఒక ఫొటో కావాలి

పాత ఆల్బమ్‌లు దాచుకున్న తెలుగిళ్లలో ఒక తరహా ఫొటో తరచూ కనబడుతుంది. పట్టుపరికిణీ కట్టిన ఆడపిల్లో, కొత్త పెళ్లికూతురో కాస్త పక్కకు తిరిగి నిలబడి ఉంటుంది. వెనక నిలువుటద్దం. ముఖం నేరుగా ఫొటోలో పడితే, పూలజడ అద్దంలోంచి పడుతుంది. వెనకనుంచి తీస్తే పిల్ల ఎవరో తెలియదు. ముందునుంచి తీస్తే గంటల తరబడి కదలకుండా కూర్చుని కుట్టించుకున్న జడ ఊసే ఉండదు. అందుకే ఊళ్లలో స్టూడియోల వాళ్లు ఆ అద్దాన్ని పెట్టుకున్నారు.

ఇవాళ్టి పెళ్లికూతురికీ చిక్కు అదే. ఫోనులో చూసి మురిసిపోయే జడలన్నీ వీపు వైపు తీసినవి. ఆల్బమ్‌లో నూటికి తొంభై ఫొటోలు ముఖం వైపువి. కాబట్టి ఏ జడ బాగుంటుందనే ప్రశ్న కన్నా ముందు, పెళ్లి తంతులో ఏ ఘట్టంలో తల ఏ వైపునుంచి కనిపిస్తుందో లెక్క వేసుకోవాలి. మన పెద్దవాళ్లు కెమెరా ఎరగరు గానీ ఈ లెక్క ఎరుగుదురు. పెళ్లిజడలో ప్రతి నగ ఉన్నచోటికి ఒక కారణం ఉంది.

తల ముందుభాగం చూడండి. నడిపాపిట, దానిమీదుగా నుదుటికి దిగే పాపిటబిళ్ల, పాపిటకు చెరోవైపు సూర్యుడు, చంద్రుడు, చెవులనుంచి జుట్టులోకి లాగి కట్టే చెంపసరాలు. ఇవన్నీ ముఖానికి చట్రం కడతాయి. వెనక రాగిడి, దానికింద నాగరం, ఆ కిందికి జడబిళ్లలు, చివర జడగంటలు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముఖం చూపకముందే తెరమీదుగా జడ వేసి, తనను మించిన వాళ్లుంటే రమ్మని సవాలు విసురుతుంది. జడ ఒక్కటే ఒక పాత్రకు పరిచయం కాగలదని నమ్మిన సంప్రదాయం ఇది. కూచిపూడి నర్తకుడు వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా తెరమీదికి జడ వేస్తే, లోపలున్నది మగవాడన్న సంగతి జనానికి గుర్తుండేది కాదంటారు.

ఇక పూల సంగతి. అసలు పని ఇక్కడే ఉంది.

మొగ్గల జడకు వాడేది గుండుమల్లె మొగ్గ. పొద్దున్నే కోసిన మొగ్గలు చీకటి పడేవేళకు విచ్చుకుంటాయి. వెనకటి పద్ధతిలో పిల్లను పీటమీద కూర్చోబెట్టి, సవరం కలిపి బిగించి అల్లిన జడమీదే సూదితో మొగ్గలు కుట్టేవారు. ఇప్పుడు ఎక్కువగా అట్టమీదో, గుడ్డమీదో విడిగా కుట్టి తెస్తారు. వెనక ఉన్న తాళ్లతో జడకు కట్టేస్తే సరిపోతుంది. మొగ్గల తలలన్నీ ఒకే వైపు ఉండేలా వరస పేర్చి, నడుమ కనకాంబరాలతో గీతలు, అంచుకు మరువమో దవనమో పెడతారు. కనకాంబరానికి వాసన లేదని చిన్నచూపు చూడకండి. తొందరగా వాడదు, రంగు దిగదు. తెలుపు మధ్య ఆ నారింజ గీత లేకపోతే ఫొటోలో మొగ్గల వరసలన్నీ కలిసిపోయి ఒకే తెల్లపట్టీలా కనిపిస్తాయి.

మన ముహూర్తాలు చాలావరకు రాత్రివేళ, ఒక్కోసారి తెల్లవారుజామున. అప్పటికి మొగ్గలు విచ్చుకుని, వరసలు చెదిరి, జడ ఉబ్బుతుంది. సువాసన అప్పుడే ఎక్కువ, కానీ కెమెరాకు వాసన అక్కర్లేదు. జడను ఫొటో తీయాల్సిన సమయం గౌరీపూజ. పెళ్లికూతురు తలవంచి కూర్చుని ఉంటుంది, చుట్టూ జనం తక్కువ, మొగ్గ ఇంకా బిగువుగానే ఉంటుంది. చాలామంది ఫొటోగ్రాఫర్లు ఆ వేళకు పెళ్లికొడుకు విడిదిలో ఉంటారు. ముందే చెప్పి ఒకరిని ఇక్కడ ఉంచుకోవాలి.

తెల్లపూలతో ఇంకో తంటా. ఎదురుగా ఫ్లాష్ పడితే మొగ్గల మధ్య నీడలు చెరిగిపోయి జడ సున్నం కొట్టినట్టు వస్తుంది. వెలుతురు పక్కనుంచి రావాలి. కిటికీ పక్కన నిలబడితే అంతకన్నా మంచి దీపం లేదు. మండపంలో రంగురంగుల ఎల్‌ఈడీలు పెట్టించుకుంటే మల్లెలు ఊదారంగుకో, ఆకుపచ్చకో తిరుగుతాయి. డెకరేషన్‌వాళ్లతో ఈ ఒక్క విషయంలో గట్టిగా మాట్లాడొచ్చు. తలకు నూనె ఎక్కువైతే పాపిట పక్కన తెల్లటి మెరుపు మచ్చలు పడతాయి, అసలు లేకపోతే ముంగురులు లేచి నిలబడతాయి. చేతికి రాసుకున్న రెండు చుక్కలు పైపైన నిమిరితే చాలు.

చీర రంగూ చూసుకోవాలి. మధుపర్కాలు తెలుపు, ఎర్రంచు. ఆ తెలుపుమీద నిండు మల్లెజడ వీపులో కలిసిపోతుంది. అప్పుడు కనకాంబరాలో, ఎర్రగులాబీ రేకులో ఎక్కువ ఉండాలి, లేదా పైన జరీ అంచులతో జడబిళ్లలు కట్టాలి. ఎర్రపట్టు, ఆకుపచ్చ పట్టుమీదైతే మల్లె ఒక్కటే రాజ్యమేలుతుంది. ఇంకో మాట, కొంచెం నవ్వొచ్చేది: వేలకు వేలు పోసి జాకెట్టు వీపున మగ్గం వర్కు చేయించుకుని, దానిమీద జానెడు వెడల్పు జడ వేసుకుంటున్నారు. రెండింటిలో ఏదో ఒకదానికే డబ్బు పెట్టండి. నన్నడిగితే జడకే.

తంతుకు ఎదురు తిరిగే జుట్టు ఎంత బాగున్నా నిలవదు. జీలకర్రబెల్లం పెట్టేది నడినెత్తిన. అక్కడ దువ్వి లేపి స్ప్రే కొట్టిన ఎత్తైన పఫ్ ఉంటే పెళ్లికొడుకు చెయ్యి పడగానే కూలుతుంది, ఆ కూలిన తలే మిగిలిన ఫొటోలన్నిటిలోనూ ఉంటుంది. ఎత్తు కావాలనుకుంటే నెత్తికి వెనకగా, రాగిడికి ముందు కొంచెం లేపితే గుండ్రటి ముఖానికి పొడవూ వస్తుంది, నడినెత్తీ ఖాళీగా ఉంటుంది. బాసికం కట్టాక పాపిటబిళ్ల దానికింద నలిగి వంకర పోతుంది. బిళ్లను పైకి లాగి పిన్ను పెట్టమని ముందే ఎవరికైనా అప్పజెప్పాలి. మేనమామ బుట్టలో కూర్చోబెట్టి తెచ్చేటప్పుడు జడ వెదుళ్లకు చిక్కుతుంది, కాబట్టి ముందుకు వేసుకోవడమే మేలు. అలా వేసుకున్నప్పుడు ముఖమూ జడా ఒకే ఫొటోలో పడతాయి, స్టూడియో అద్దం చేసిన పని భుజం చేస్తుంది. తాళి కట్టేటప్పుడు మాత్రం ఎవరో ఒకరు జడ ఎత్తి పట్టుకోక తప్పదు. ఆ చేతులు ఫొటోలో వస్తాయి. రానివ్వండి, వాటికీ అక్కడ చోటుంది. తలంబ్రాల వేళ వదిలేసిన జుట్టులో దిగిన పసుపు బియ్యం మర్నాటికి కూడా వదలదు. పాయలు వదిలి వంకీలు తిప్పుకోవాలనే సరదా ఉంటే రిసెప్షన్‌కు తీర్చుకోవచ్చు. అక్కడ వదులు ముడికి జిప్సోఫిలా గుచ్చుకున్నా అడిగేవాళ్లు లేరు.

అమెరికాలో పెళ్లి చేసుకునే మన పిల్లలకు కావలసినన్ని తాజా మల్లెలు దొరకడం కష్టం. గుడ్డతోనో, కాగితంతోనో చేసిన మొగ్గలు వాడుకుంటారు. దూరంనుంచి ఫొటోలో తేడా పెద్దగా తెలియదు. బరువు తక్కువ, విచ్చుకునే భయం లేదు. వాసన కోసం చెవి వెనక నాలుగు నిజం పువ్వులు పెట్టుకుంటే సరి.

జడ బరువు ఎవరూ ముందు చెప్పరు. సవరం, పూలు, జడగంటలు అన్నీ కలిసి మెడను వెనక్కి లాగుతాయి. మూడో గంటకు కనుబొమలు ముడిపడి, ఫొటోల్లో కోపంగా ఉన్నట్టు వస్తుంది. వారం ముందు ఒక పూట సవరంతో జడ వేయించుకుని ఇంట్లో తిరిగి చూడాలి. పీటమీద కూర్చున్నప్పుడు చివర నేలమీద నలిగితే నాలుగంగుళాలు తగ్గించమనాలి.

పూలజడ కుట్టే ఆవిడకు చెప్పాల్సినవి ఇవే: ముహూర్తం గంట, చీర రంగు, సవరంతో కలిపి జడ పొడవు, పెళ్లి నెల. మాఘంలో మల్లె అంతగా దొరకదు, దొరికినా ధర మండుతుంది. ఆ నెలలో కాగడా పూలు, చామంతులు పెట్టమంటే ఆవిడే సంతోషిస్తుంది. వైశాఖమైతే, హైదరాబాద్‌లో ఉంటే, గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు ఏ రోజు వెళ్తుందో అడిగి, ఆరోజు కోసిన మొగ్గే తెమ్మనండి. తెచ్చాక తడిగుడ్డలో చుట్టి ఉంచాలి తప్ప నీళ్లు చిలకరించొద్దనండి. నీరు నిలిచిన చోట రేకుమీద గోధుమరంగు మచ్చ పడుతుంది, దగ్గరనుంచి తీసిన ఫొటోలో అది మొగ్గకన్నా ముందు కనబడుతుంది.